రెండో ముక్క

నేను ఒక ఆజ్ఞను. చూడ్డానికి ఎదురెదురుగా నిలబడ్డ రెండు జతల బ్రాకెట్లను, పనికి కసాయిని. సూత్రాలను అక్షరాలతోనే నమిలే ఒక కంప్యూటర్ భాషలో పుట్టాను. సూత్రం పక్కన నన్ను పెట్టి ఒకటి అంటే మొదటి ముక్క, రెండంటే రెండో ముక్క కోసి ఇస్తాను. సున్నా అంటే ఏకంగా తలే తెస్తాను: అది కూడికో గుణకారమో చెప్పే పేరన్నమాట. అడిగిందే ఇస్తాను. అనుకున్నది ఇవ్వడం నా భాగానికి రాలేదు. అది వాడేవాళ్ల భాగ్యం.

మొదట ఒక లెక్కల మాస్టారి చేతిలో పడ్డాను. నాచేత సూత్రాలు కోయించి, మళ్లీ కలిపి, ‘కోడ్ కూర అదిరింది’ అని తనే నవ్వుకునేవారు. ఆయన శిష్యురాలు పరంజ్యోతి నన్ను ఆనకట్ట ఆఫీసుకు తీసుకొచ్చింది. అక్కడ నవ్వులు తగ్గాయి.

వరద హెచ్చరిక కోసం ఆమె ‘వాన + ఏరు’ అని కొట్టింది. వానంటే ఇక్కడ కురిసేది, ఏరంటే కొండల్నుంచి దిగేది. ప్రమాదమంతా ఏటితోనే. ఏరును రెండోదిగా రాసింది కనుక నాకు ‘రెండు’ అని పురమాయించి, టీకి వెళ్లిపోయింది.

మా భాషకో చాదస్తం. కూడికలో ఎవరిని ముందు రాసినా అక్షరక్రమంలోనే కూర్చోబెడుతుంది. ‘ఏ’ ముందు, ‘వ’ వెనక. నేను వెళ్లేసరికి రెండో పీట మీద వాన కూర్చుని ఉంది. కోసి ఇచ్చాను. నోరుంటే చెప్పేదాన్ని, నాకున్నవి బ్రాకెట్లే.

ఆ రోజు ఇక్కడ ఎండ. పైకొండలు మాత్రం నల్లబడ్డాయి. నీటిమట్టం చూసే బట్టతల సింహాద్రి, ఆనకట్ట కింద విరిగిన కొలబద్ద బాగుచెయ్యాలని పరంజ్యోతికి ఫోన్ చేశాడు.

“దిగీమంటావేటమ్మా?”

“దిగు బాబాయ్. తెర మీద ఏరు సున్నా, నీ బుర్రలాగే.”

“నాది సున్నా కాదమ్మా, నున్న!”

కాసేపటికి మళ్లీ ఫోన్. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“నీల్లు ఎర్రబడతన్నాయమ్మా.”

తెర మీద ఇంకా సున్నాయే. ఇక్కడ చుక్క కురవలేదుగా! పరంజ్యోతి సూత్రాన్ని మొత్తంగా తెర మీదికి రప్పించింది: ఏరు + వాన.

“బాబాయ్, పైకి! అన్నీ వదిలెయ్!”

కొలబద్ద పోయింది. సింహాద్రి చెప్పులు పోయాయి. తాను నిలబడ్డ చోటును కప్పేసిన నీళ్లకేసి చూస్తూ అతను మెట్ల మీదే చతికిలబడ్డాడు.

మర్నాడు ఆమె ఆఫీసులో అందరికీ చెప్పింది. “నేను రాసిన వరసే లోపల ఉందనుకున్నాను. అది సర్దుకుంది. నేను చూసుకోలేదు.”

“వరస తప్పితే వరదేనన్నమాట,” అన్నాడు సింహాద్రి. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడామె ఏటిని వరస నంబరుతో కాదు, పేరు పెట్టే పిలుస్తుంది. నాతో పని లేదు. కానీ ఆ పాత ప్రోగ్రామును మరో ఆనకట్టవాళ్లు ముందే నకలు తీసుకెళ్లారు. పొద్దున్నుంచీ ఆమె వాళ్లకు ఫోన్ చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

అక్కడ కూడా ఎండగానే ఉంది. వాళ్లు నన్ను రెండో ముక్క అడుగుతున్నారు.

ఇస్తున్నాను.