చెయ్యెత్తే దాకా

ఖర్చు తగ్గించాలని బడిలో సంగీతం క్లాసు ఎత్తేస్తామన్నారు. పిల్లల పాట ఒక్కసారి వినండని టీచరమ్మ కాళ్లావేళ్లా పడితే కమిటీవాళ్లు వచ్చారు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు ఏదో పాడు సంతకానికి ఆవిణ్ణి ఆఫీసుకు పిలిపించాడు.

ఆవిడ పరుగున వచ్చేసరికి వాళ్లు మెట్లు దిగుతున్నారు.

"ఏం నేర్పారమ్మా? పాడమంటే ఒక్కరూ నోరు విప్పలేదు," అన్నాడు కమిటీ పెద్దాయన.

గదిలో పిల్లలు వరసల్లో బిగుసుకుని నిలబడే ఉన్నారు.

"వాళ్లు ఎంత అడిగినా మేం తొందరపడలేదు టీచర్! మీరు చెయ్యెత్తితేనే కదా మొదలుపెట్టాలి," అంది ముందు వరస చిన్నది, మెప్పు కోసం చూస్తూ.

ఆవిడ వాళ్ల ముందుకొచ్చి నిలబడింది. "మంచి పని చేశారమ్మా," అంది. కింద కారు కదిలిన చప్పుడు వింటూనే చెయ్యెత్తింది.

గొంతులన్నీ ఒక్కసారే లేచాయి. ఒక్కటీ ముందూ వెనకా కాలేదు.