గిన్నె లేని వంట

మా అత్తగారిది ఉడుంపట్టు. మా బరంపురం ఇంకా మద్రాసు గవర్నరు కింద ఉన్న రోజులవి. కాశీలో ఉంటున్న ఆవిడ అక్కగారు మంచం పట్టారని కబురొచ్చింది. చిన్నతనంలోనే భర్త పోయి కాశీ చేరిన మనిషి. ఆ తరవాత అక్కచెల్లెళ్ళు కలుసుకున్నదే లేదు. మాఘం వెళ్ళగానే మా వీధి వైకుంఠరావుగారి కుటుంబం కాశీ వెళుతోందని తెలిసి, తనూ వాళ్ళతో వెళ్ళాల్సిందేనని అత్తగారు పట్టుపట్టారు.

మా ఆయన వేంకటరమణమూర్తి బడిపంతులు. వద్దనడానికి ఆయనకు దొరికిన కారణం తిండి. అత్తగారికి మడి. తన చేత్తో వండుకున్నది తప్ప మెతుకు ముట్టరు, అదీ పగటిపూట ఒక్కసారే. రైలు మారిన చోటల్లా గిన్నెలు ఎవరు మోస్తారు, పదిమంది తగిలిన గిన్నె తోముకోవడానికి చింతపండూ నీళ్ళూ ఎవరిస్తారు అని ఈయన వాదన. అయితే గిన్నే లేకుండా వండుకుంటానన్నారు ఆవిడ. వండి తిని చూపిస్తే పంపిస్తానని ఈయన నవ్వుతూ మాటిచ్చేశారు. కన్నతల్లి సంగతి అంతమాత్రం తెలియదా మరి ఈయనకి!

మర్నాటి నుంచి మా పెరడు ప్రయోగశాల అయిపోయింది. మొదట అరటి దొప్ప. నిప్పుల మీద పెడితే నీళ్ళున్నంత మేరా కాలకపోవడం చూసి నేను నోరు తెరిచాను. ఎసరు కూడా మరిగింది. బియ్యం ఉడికేలోగా దొప్ప మెత్తబడి, ఎసరంతా బూడిద పాలైంది. తరవాత వెదురు బొంగు. ఎండిందని తెలియక పెట్టారేమో, ఢామ్మని పగిలి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కొబ్బరిబోండాంలో పోసిన బియ్యం అడుగున ఉడికి పైన పలుకుగా ఉండిపోయింది. కిరసనాయిలు డబ్బా తోమి ఇస్తానని నేనంటే, అత్తగారు నన్ను చూసిన చూపుకి డబ్బా దానంతటదే దొడ్డిదారి పట్టాలి.

వంట చెడిన రోజు ఆవిడకి అరటిపండే గతి. నాకు జాలీ వేసేది, రేపు ఏం చేస్తారో చూద్దామనీ ఉండేది. స్నానం చేసి వచ్చి దూరంగా పీట వేసుకు కూర్చునేదాన్ని.

చివరికి తడిగుడ్డ దగ్గర ఆగారు. నానిన బియ్యాన్ని మడిగుడ్డలో మూటకట్టి, ఇసకలో పాతి, పైన కొబ్బరి డొక్కలు మండించారు. మొదటిసారి బిగించి కట్టడంతో బియ్యం ఉబ్బడానికి చోటులేక ముద్ద కట్టింది. రెండోసారి వదులుగా కట్టారు. మూట విప్పితే అన్నం పొడిపొడిగా ఉంది. దేవుడికి పెట్టి, ఆవిడ కడుపునిండా తిన్నారు. నేను చప్పట్లు కొట్టాను.

మా ఆయన మొహం మాత్రం వాడిపోయింది. సొంత పెరట్లో వండితే ప్రయాణం అయిపోతుందా అని కొత్త మెలిక పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. మాఘస్నానానికి గంజాం వెళుతున్నాం కదా, అక్కడ కొత్త చోట వండి తినమన్నారు. అత్తగారు సరేనన్నారు.

రుషికుల్య సముద్రంలో కలిసే చోట స్నానాలయ్యాయి. అత్తగారు కాస్త ఎగువకి వెళ్ళి ఏటి నీళ్ళలోనే బియ్యం నానేశారు, గుడ్డ తడిపారు. దేవుడికి పెట్టేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్ళు కూడా నోట పోసుకోరు. పోటు వేళ సముద్రం ఏట్లోకి ఎక్కి వస్తుందన్న ధ్యాస మాలో ఎవరికీ లేదు. మూట విప్పితే అన్నం మల్లెమొగ్గల్లా ఉంది. నైవేద్యం అయ్యాక ప్రసాదం మా చేతుల్లో పెట్టారు.

ఉప్పు! మింగలేకపోయాం. ప్రసాదం గనక ఉమ్మలేం. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు మాత్రం ఆకు ముందు కూర్చుని, ముద్ద తరవాత ముద్ద, ఒక్క మెతుకు వదలకుండా తినేశారు. ఇది కూడా లెక్కకి రాదంటారేమోనని నేను ఈయనకేసి చూశాను.

ఈయన ఇసకలో చతికిలబడ్డారు.

"పెరట్లో వండిన రోజే తెలిసిందమ్మా, నువ్వు ఎక్కడున్నా బతకగలవని. నా భయం తిండి గురించి కాదు. అక్కడికెళ్ళి ఉండిపోతేనో?"

అత్తగారు ఆకు మడిచారు. కొడుకు వైపు చూడకుండానే అన్నారు.

"ఉండిపోతానేమో, అబ్బాయీ. అక్క నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేదు. దాన్నలా వదిలి ఎలాగొస్తాను? వస్తానని అబద్ధమాడి నీ చేత టికెట్టు కొనిపించుకోను."

ముగ్గురం తిరుగుదారి పట్టాం. నిజం చెప్పిన ఆవిడ మీద కోపం వచ్చింది నాకు. ఆవిడ లేని ఇల్లు తలుచుకుంటే దిగులూ వేసింది. ఒక అబద్ధం ఆడితే ఏం పోయేదనుకున్నాను.

మర్నాడు బడికి వెళ్ళకముందే ఈయన స్టేషనుకి వెళ్ళొచ్చారు. తిరుగు టికెట్టు కూడా కొన్నారా అని అడిగాను.

"లేదు. అమ్మని తొందరపెట్టినట్టుంటుంది," అన్నారు. పంచె చెంగుతో మొహం తుడుచుకుంటూ, "రావాలనిపిస్తే కబురు చెయ్యమను. నేనే వెళ్ళి తీసుకొస్తాను."

ఆ మాట అత్తగారితో తనే చెప్పమన్నాను. చెప్పలేనన్నారు. నేనే వెళ్ళి చెప్పాను.