పదిన్నర పాఠం

“సప్పుడు చెయ్యకు బిడ్డా, మీ నాయిన పండుకున్నడు.”

కరోనా వచ్చి బడులు మూతపడ్డాక ఆ ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి మాట ఇదే. అనేది నిషిత, వినేది నాలుగో తరగతి చదివే ఆమె కూతురు స్నిగ్ధ. నాయిన చంద్రకాంత్ బొంతపల్లి దగ్గర ఒక మందుల కంపెనీలో బాయిలర్ ఆపరేటర్. ఇదివరకు వారానికో షిఫ్టు మారేది. ఒక బ్యాచ్ వాళ్లు ఇంకో బ్యాచ్ వాళ్లతో కలవకూడదని కంపెనీ ఇప్పుడు ఎవరినీ షిఫ్టు మార్చడం లేదు. చంద్రకాంత్‌కు సెకండ్ షిఫ్టు ఖాయమైంది. మధ్యాహ్నం తిని బండి తీస్తే, మళ్లీ ఇల్లు చేరేది అందరూ పడుకున్నాకే. అందుకని పొద్దున తొమ్మిది దాకా ఇల్లంతా ఆయన నిద్రకు కాపలా కాస్తుంది. కుక్కర్ కూయకూడదు, గిన్నె జారకూడదు, పిల్ల గట్టిగా నవ్వకూడదు.

పిల్లల చదువు గురించి నిషిత ఏదో గొప్పగా ఆలోచించి మొదలుపెట్టిందని ఊరంతా అనుకున్నారు కానీ, అసలు సంగతి ఇదీ. స్నిగ్ధ నోరు మూయించడానికి ఆమెను పెరట్లోకి తీసుకుపోయింది. చింతగింజలు గుప్పెడు పోసి పదులుగా కుప్పలు పెట్టమంది. అది అయిపోతే షాబాదు బండల మీద సుద్దముక్కతో ఎక్కాలు రాయించింది. అదీ అయిపోతే ఇంట్లో ఉన్న మందు గోలీల పట్టీలు తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు, తేదీలు చదవమంది. బట్టలారేసే తాడు విప్పి గోడ పొడవు కొలిపించింది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో వరసగా రాయించింది. తల్లికి తోచిన ప్రతి పనీ పిల్లకు ఆటే అయింది. లోపల చంద్రకాంత్ హాయిగా గురక పెట్టాడు.

రెండిళ్ల అవతలి బక్కమ్మ గోడ మీంచి ఇదంతా చూసి, తన మనవరాళ్లిద్దరినీ తెచ్చి వదిలింది. వాళ్ల వెనక ఇంకో ముగ్గురు వచ్చారు. టీవీలో పాఠాలు మొదలయ్యేసరికి నాలుగో తరగతి వాళ్లంతా పదిన్నరకు నిషిత ఇంటి ముందుగదిలోనే తేలారు. పాఠం అరగంట. దానికి ముందు వాళ్లను కూర్చోబెట్టడం, మాస్కులు పైకి లాగించడం, అయ్యాక అర్థంకానిది మళ్లీ చెప్పడం, రాసింది ఫోటో తీసి బడి సార్‌కు పంపడం, వాళ్లు తొక్కిన గది తుడవడం పాఠంలో లెక్క కాదు. పిల్లల్ని దింపిపోయే ప్రతి తల్లీ గడప దగ్గర ఒకే మాట అనేది, నువ్వెట్లయినా ఇంట్లనే ఉంటివి గద అని. ఆ మాటలో కృతజ్ఞత ఎంతో, తేలిక చేయడం ఎంతో విడదీయడం నిషితకు ఎప్పుడూ చేతకాలేదు.

హెడ్‌మాస్టర్ రామన్న సార్ ఇళ్లు తిరుగుతూ ఒకరోజు వచ్చి ఇదంతా చూసి మురిసిపోయాడు. వీడియో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. ఇంటి దగ్గర పిల్లలను ఎట్లా చదివించాలో, ఎట్లా ఆడించాలో ఈ అమ్మను చూసి నేర్చుకోవాలని కింద రాశాడు. చంద్రకాంత్ దాన్ని వెంటనే స్టేటస్‌గా పెట్టుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య చేసిన పనిని ఆయన నలుగురికి చూపించడం అదే మొదలు. నిషితకు సంతోషమే కలిగింది. లేదని అబద్ధం చెప్పడం ఎందుకు?

కానీ ఆమెకు వేరే పని ఒకటి ఉండేది. లాక్‌డౌన్ ముందు దాకా గుమ్మడిదల దారిలో ఉన్న ఇంకో మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసేది. బెల్టు ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చే గోలీల పట్టీల్లో ఖాళీ గుంట కనబడితే తీసి పక్కన పడేయాలి. అదేమంత మురిపెం పని కాదు. నడుము పట్టేసేది, సూపర్‌వైజర్ మేడమ్ ఊరికే ఉండనిచ్చేది కాదు. అయినా అక్కడ గంట మోగితే పని అయిపోయేది. మోగాక ఎవరైనా ఇంకో డబ్బా చూడమంటే, షిఫ్టు అయిపోయింది మేడమ్ అని లేచి చేతి తొడుగులు విప్పేసేది. మేడమ్ కూడా ఏమీ అనలేకపోయేది. ఇంట్లో ఆ మాట దేనికి చెప్పాలి? అంట్లకా, అత్తకా, పాఠానికా? కంపెనీలో మధ్యాహ్నం ఆడవాళ్లంతా చెట్టుకింద డబ్బాలు విప్పి, ఒకరి కూర ఒకరు లాక్కుని తినేవాళ్లు. బడి మూసినందుకు స్నిగ్ధ ఎంత బెంగపెట్టుకుందో, ఆ చెట్టు గురించి నిషిత అంతే బెంగపెట్టుకుంది. పిల్ల బెంగ అందరికీ కనబడింది.

ఇప్పుడు ఆ మేడమే ఫోన్ చేసి, సోమవారం నుంచి ప్యాకింగ్ లైను మొదలవుతోందనీ, ఆడవాళ్లకు ఫస్ట్ షిఫ్టు ఒక్కటేననీ, రానివాళ్ల చోట కొత్తవాళ్లను తీసుకుంటామనీ చెప్పింది. ఆ సంగతి నిషిత ఇంట్లో చెప్పింది. చంద్రకాంత్ చాయ్ తాగుతున్నాడు. కరోనా పోనియ్యి, అప్పుడు చూద్దాం అన్నాడు. తను కూడా కరోనాలోనే కంపెనీకి పోతున్నట్టు ఆయనకు గుర్తు రాలేదు. పిల్లల చదువు ఏం గావాలె అన్నాడు.

అదీ ఆలోచించే ఉంచింది నిషిత. తను పొద్దున్నే పోయి మధ్యాహ్నం దాటగానే వచ్చేస్తుంది. ఆయన పోయేది తిన్నాక. మధ్యలో కాసేపు అత్త ఉంటుంది. పాఠం పదిన్నరకు. ఆ వేళకు ఆయన లేచి, స్నానం చేసి, మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటాడు. ముందుగదికి, ఆ మంచానికి మధ్య ఒక్క గడప అడ్డం. ఇదంతా చాలా నెమ్మదిగా, ఎవరికీ కోపం రాకుండా చెప్పింది.

“నాకు గంత ఓపిక లేదు. పిల్లల కాడ ఓపిక ఆడోళ్లకే ఉంటది,” అన్నాడు చంద్రకాంత్.

అత్త మల్లమ్మ పప్పు చెరుగుతూ, మొగోడు పొద్దుగాల పిల్లలను ముంగట ఏసుకొని కూసుంటే నలుగురు నవ్వరా అంది. మాట అక్కడికి ముగిసినట్టే అందరూ లేచిపోయారు.

నిషిత మటుకు ఓపిక అనే మాట దగ్గరే ఆగిపోయింది. ఓపిక తనకు పుట్టుకతో వచ్చిందా? బక్కమ్మ చిన్న మనవరాలు మూడోసారి పలక పడేసినప్పుడు రెండు దెబ్బలు వేద్దామని చేయి ఎన్నిసార్లు లేవలేదు? మీది నుంచి కిందికి దింపుకున్న చేతినే ఈయన ఓపిక అంటున్నాడు. బాయిలర్ ముందు నిలబడి ఎనిమిది గంటలు మీటరు ముల్లు వంక చూసే మనిషికి అరగంట పిల్లల వంక చూసే ఓపిక లేదట. లేక కాదు, అవసరం పడలేదు. అవసరం పడకుండా ఇన్నాళ్లూ కాచింది తనే. సప్పుడు చెయ్యకు బిడ్డా అని రోజూ పొద్దున్నే చెప్పింది తనే కదా. ఇంత తెలిసాక ఆమెకు భర్త మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. అన్నం వార్చే వేళకు ఆ కోపం కూడా చల్లారింది. పిల్లలు వచ్చేశారు మరి.

శుక్రవారం ఆమె గంజి వారుస్తుంటే గదిలో ఫోన్ మోగింది. నిషిత ఫోనే. చంద్రకాంత్ ఎత్తాడు.

“ఆమె రాదు మేడమ్. మా ఊర్ల టీచరమ్మ అయిపోయింది,” అని నవ్వాడు. అవతల ఏమన్నారో మరి, “వేరేటోళ్లను తీసుకోర్రి, ఏం పరేషాన్ లేదు,” అని పెట్టేశాడు.

వచ్చి, మీ మేడమ్ చేసింది, చెప్పేసిన అన్నాడు. పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆయన మనసులో ఏ చెడ్డా లేదు, అదే నిషితను వణికించింది. తన ఆరేళ్ల నౌకరీ ఒక్క నవ్వులో పోయింది, పోగొట్టినవాడికి పోగొట్టినట్టు కూడా తెలియదు.

ఆయన బండి మలుపు తిరిగాక, పెరట్లోకి పోయి మేడమ్‌కు ఫోన్ చేసింది. నేనొస్తున్న మేడమ్, సోమవారం అంది. మీ ఆయన రాదన్నడు కదా అంటే, నౌకరి నాది గద మేడమ్ అంది. మేడమ్, గేటు కాడ పేరు రాపిస్త, తప్పితే మాత్రం ఇగ నన్ను అడగొద్దు అంది. ఫోన్ పెట్టి తిరిగేసరికి మల్లమ్మ బట్టలు తీస్తూ దండెం దగ్గర ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. విన్నదంతా విన్నట్టే ఉంది ముఖం. కొడుకుకు చెబుతుందని నిషిత రెండు రోజులు భయపడింది. మల్లమ్మ చెప్పలేదు. శనివారం సాయంత్రం మాత్రం, పొద్దుగాల సద్దికి రొట్టె కట్టుకుంటవా, అన్నమా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

ఆదివారం బడి ఆవరణలో మీటింగ్. రామన్న సార్ నేల మీద ముగ్గుపిండితో గుండ్రాలు గీయించి, ఒక్కో గుండ్రంలో ఒక్కో తల్లిని నిలబెట్టాడు. తండ్రులకు గుండ్రాలు గీయలేదు. వాళ్లు గేటు దగ్గర బండ్లకు ఆనుకుని మాస్కులు గడ్డం కిందికి లాక్కుని మాట్లాడుకుంటున్నారు. సార్ మైకులో చాలాసేపు మంచి మాటలు చెప్పాడు. తండ్రి బయటికి పోయి కష్టపడతాడనీ, ఇంట్లో పిల్లల చదువు తల్లి చేతిలోనే ఉందనీ అన్నాడు. గుండ్రాల్లో నిలబడ్డవాళ్లలో సగం మంది రేపు పొద్దున కంపెనీ బస్సులు ఎక్కేవాళ్లే. అయినా అందరూ తలలూపారు. నిషిత తల కూడా అలవాటుగా కాస్త ఊగింది, తర్వాత ఆగింది.

అప్పుడు సార్ ఆమె పేరు పిలిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక టీచర్ పళ్లెంలో శాలువా తెచ్చింది. గేటు దగ్గరి నుంచి చంద్రకాంత్ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, ఫోన్ అడ్డంగా పట్టుకుని వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి నిషితకు జాలేసింది. ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అని మనసు వెనక్కి లాగింది కూడా. ఇంట్లో చెప్పింది, నెమ్మదిగానే చెప్పింది, అది పప్పు చెరిగిన పొట్టుతో పాటే ఎగిరిపోయింది. సార్ శాలువా విప్పుతూ, ఏమైనా రెండు మాటలు చెప్పమ్మా అని మైకు ఆమె ముందు పెట్టాడు.

నిషిత మాస్కు కిందికి జరిపింది.

“శాలువా ఆయనకు కప్పుర్రి సార్. రేపటి సంది పదిన్నరకు పిల్లల కాడ ఆయన కూసుంటడు. నాకు ఫస్ట్ షిఫ్టు పడ్డది.”