ఆమె ఇవ్వని మాట

"అదిగో, బల్ల కింద కూడా పోసింది చూడు," అన్నాడు భర్త, రెండు కాళ్ళూ సోఫా మీదికి ఎత్తుకుని, చూపు ఫోన్ మీంచి తియ్యకుండానే.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గదికి ఈ చివర తుడుస్తోంది. తల వంచి బల్ల కిందికి చూసింది. నిజమే, అక్కడా ఒక మడుగు. దాని ఒడ్డున నిలబడి, ఇదంతా తన ప్రయోజకత్వమే అన్నట్టు తోక ఊపుతోంది కుక్కపిల్ల. ఆయన చేసిన సాయం అదీ, చూపించడం. పెళ్ళయిన నాటి నుంచీ ఇంటి పనిలో ఆయన వాటా అదే. బల్బు పోయిందని చూపిస్తాడు, చొక్కాకి బొత్తాం ఊడిందని చూపిస్తాడు. వేలు ఆయనది, చెయ్యి ఆమెది.

కుక్క వాళ్ళది కాదు. భర్త ఆఫీసులో పెద్దసారుది. పెద్దసారు భార్యతో కలిసి కూతురి దగ్గరికి వెళ్తూ, ఇంకా పాలపళ్ళయినా పూర్తిగా ఊడని ఈ పిల్లని ఎక్కడ వదలాలా అని ఆఫీసులో అందరి ముందూ అన్నారట. తక్కినవాళ్ళంతా కాగితాల్లోకి తలలు దించుకుంటే ఈయన ఒక్కడూ లేచి, "మా ఇంట్లో ఉంచండి సార్, మా ఆవిడకి కుక్కలంటే ప్రాణం," అన్నాడట. ఈ సంగతి ఆమెకి భర్త చెప్పలేదు. కుక్కని దింపడానికొచ్చిన పెద్దసారు భార్య దాని తల నిమురుతూ చెప్పింది. "మీకు ప్రాణమటగా! మా చిన్నబాబుది ఎంత అదృష్టమో!"

ఆమెకి కుక్కలంటే ప్రాణం కాదు, ప్రాణభయం. చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే వీధికుక్క పిక్క పట్టుకుంది. మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళయిన కొత్తలో భర్త ఆ మచ్చ మీద వేలుంచి ఇదేంటని అడిగితే కథంతా చెప్పింది. అప్పుడు ఎంతో జాలిగా విన్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇప్పుడు ఆమె భయానికి ప్రేమ అని పేరు పెట్టి పెద్దసారుకి ధారపోశాడు.

"నాకు భయమని తెలుసుగా మీకు?" అని అడిగింది వాళ్ళు వెళ్ళగానే.

"ఓస్, ఇంత పిల్లకి భయమేంటి? పది రోజులేగా."

"చూసేదెవరు?"

"చూడ్డానికేముంది? ఇంత అన్నం పడెయ్యడం, పొద్దునా సాయంత్రం అలా తిప్పుకురావడం. దానిపాటికదే పడుంటుంది."

పడెయ్యడం, తిప్పుకురావడం. ఆ మాటల్లో చేసే మనిషి లేదు. ఆయన నోట ఇంటి పనులన్నీ అలాగే ఉంటాయి, ఎవరూ చెయ్యకుండా వాటంతట అవే జరిగిపోతున్నట్టు.

దానిపాటికది పడుండలేదు. ఎవరూ ఏమీ నేర్పకుండా ముద్దు చేసి వదిలేసిన పిల్ల అది. పిలిస్తే రాదు, వద్దంటే ఆగదు. చెప్పులు, దిండ్లు, తలుపు అంచులు, ఏది దొరికితే అది కొరికింది. పళ్ళు మారే వయసు, చిగుళ్ళ దురద. ఆ సంగతి ఆమెకి చప్పున అర్థమైంది, ఎందుకంటే ఆమె ఉద్యోగమే పళ్ళతో. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారు చేసే ల్యాబులో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తోంది. పాతగుడ్డని ముడివేసి, తడిపి, ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక కుక్కముందు వేసింది. మొదట దూరం నుంచి విసిరింది. తర్వాత దగ్గరగా పెట్టింది. రొట్టెముక్క చూపించి "కూర్చో" అనడం, కూర్చుంటే ఇవ్వడం మొదలుపెట్టింది. అది నోరు తెరిచిన ప్రతిసారీ పిక్కలో నరం జివ్వుమనేది. భయం పోయి చెయ్యలేదు, భయపడుతూనే చేసింది. ఆ తేడా ఇంట్లో ఎవరికీ కనిపించలేదు.

ఒకరోజు ఆటలో దాని పన్ను దిగి బొటనవేలి దగ్గర నెత్తురొచ్చింది.

"నువ్వే ఏదో చేసుంటావు. ఊరికే ఎందుకు కరుస్తుంది?" అంది అత్తగారు తన గదిలోంచి.

"పసిది, దానికేం తెలుసు?" అన్నాడు భర్త.

ఆమె ఒక్కతే వెళ్ళి సూది మందు వేయించుకుని వచ్చి వంట చేసింది. వేలికి కట్టుతో కూరగాయలు తరుగుతుంటే ఆ మాటే చెవుల్లో మోగింది. దానికేం తెలుసు. నిజమే, దానికి తెలియదు. ఆయనకీ తెలియదు, పాలు పొంగుతుంటే పొయ్యి కట్టెయ్యాలని. అత్తగారికి పెద్దతనం, ఆవిడకి అసలేమీ తెలియదు, కోడలి తప్పులు తప్ప. ఆ ఇంట్లో అన్నీ తెలిసి ఉండాల్సిన ప్రాణి ఒక్కటే. తెలియకపోవడంలో ఎంత సుఖముందో, ఆ సుఖాన్ని వాళ్ళు ముగ్గురూ పంచుకుని తింటున్నారు. పళ్ళెం కడిగేది మాత్రం ఆమె.

రోజూ పెద్దసారు భార్య వీడియో కాల్ చేసేది. "ఫోన్ కొంచెం కిందికి పెట్టమ్మా, నువ్వే కనిపిస్తున్నావు." ఆమె వంగి, కుక్క మొహం ముందు ఫోన్ పట్టుకునేది. "అయ్యో, చిక్కిపోయాడే!" అని అటు నుంచి. వెంటనే వెనకనుంచి భర్త అందుకునేవాడు. "లేదు మేడమ్, చిన్నబాబుగారు బాగా తింటున్నారు." పెళ్ళాన్ని "ఏయ్" అని పిలిచే నోరు కుక్కకి బహువచనం వాడింది. ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంటామనీ, మీకేం ఇబ్బంది లేదుగా అనీ ఆవిడ అడిగింది కూడా ఆయన్నే. "అబ్బే, సంతోషం మేడమ్!" అన్నాడాయన, సోఫాలో కూర్చుని.

కుక్కని తిప్పి, తుడిచి, కడిగి వెళ్ళేసరికి ల్యాబుకి రోజూ ఆలస్యమయ్యేది. అసలే అక్కడ కొత్త మెషీను వస్తోంది. కంప్యూటర్లో గీసిన పన్నుని అదే చెక్కుతుందట. దాన్ని నేర్చుకున్నవాళ్ళకే ఆ విభాగం అప్పజెబుతామనీ, అందరిలో పాతదానివి కాబట్టి అది నీకేననీ యజమాని ఎప్పుడో అన్నాడు. ఇప్పుడు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "నీకు ఇంట్లో చాకిరీ ఎక్కువైనట్టుంది. మెషీను కొత్తగా చేరినతనికి నేర్పిద్దామా అనుకుంటున్నా. నీ మంచికే అమ్మా."

ఆమె మంచి ఎంతమంది చూస్తున్నారో! "వద్దండీ. మెషీను నేర్పడానికి కంపెనీ మనిషి వచ్చేరోజు అందరికంటే నేనే ముందుంటాను," అంది.

ఆ రోజు రానే వచ్చింది. ముందురోజే ఇంట్లో చెప్పి పెట్టింది. తయారై బయల్దేరబోతుండగా కుక్క హాలు మధ్యలో భళ్ళున కక్కింది. సోఫాలోంచి పీకి మింగిన స్పాంజి ముక్కలు.

భర్త బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. "డాక్టరుకి చూపించు. దీనికేమన్నా అయితే పెద్దసారుకి నా మొహం ఎలా చూపించను?"

"ఇవాళ మెషీను నేర్పుతారని చెప్పానుగా. మీరు తీసుకెళ్ళండి."

"నాకు మీటింగుంది. నువ్వొక గంట లేటుగా వెళ్తే ఎవరి పళ్ళు ఊడిపోతాయి?"

తన చమత్కారానికి తనే నవ్వాడు. అత్తగారూ నవ్వింది. ఆ నవ్వు తగ్గకుండానే తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఒళ్ళంతా సలసల మరిగింది. ఎన్నో కోపాలు మింగింది గానీ అవన్నీ గొంతు దాటాక చల్లారిపోయేవి. ఇది చల్లారలేదు. కుక్క నీళ్ళు తాగి, మళ్ళీ తోక ఊపింది. దాని మెడకి తాడు తగిలించింది.

"నేల ఎవరు తుడుస్తారు?" అంది అత్తగారు.

"చూశారుగా అత్తయ్యా. చూసినవాళ్ళు తుడవచ్చు," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

భర్త ఆఫీసు నడిచి వెళ్ళే దూరమే, అయినా ఆయన కారులోనే వెళ్తాడు. దారంతా కుక్క ఆమెని లాగింది, ఆమె కుక్కని లాగింది. అద్దాల గదిలో బల్ల చుట్టూ అందరూ కూర్చుని ఉన్నారు. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి తాడు భర్త చేతిలో పెట్టింది.

"స్పాంజి మింగి కక్కింది. డాక్టరుకి చూపించాలి. నాకు పనుంది."

"ఏంటిది... ఇక్కడ మీటింగ్..." భర్త మొహం పాలిపోయింది.

బల్ల అవతలున్న ఉద్యోగిని ఒకామె ఉండబట్టలేక అడిగింది. "అదేంటండీ, మీకు కుక్కలంటే ప్రాణమన్నారుగా?"

"నాకు కుక్కలంటే భయమండీ. మాటిచ్చింది ఈయన. నన్నెవరూ అడగలేదు."

కుక్క ఆమెవైపు తాడు లాగి కుయ్యిమంది. దాని కళ్ళలోకి చూస్తే ఆగిపోతానని ఆమెకి తెలుసు. దాని తప్పేమీ లేదు. ఆయన తలకెత్తుకునే ప్రతి పనిలోనూ ఇలాగే ఏ తప్పూ చెయ్యని ప్రాణి ఒకటుంటుంది, దాన్ని చూసే ఆమె ఆగిపోతూ వచ్చింది. ఈసారి చూడకుండా వెనక్కి తిరిగింది.

ల్యాబులో మెషీను ముందు కుర్చీలో కొత్తతను కూర్చుని ఉన్నాడు. "ఆలస్యమైందిగా అమ్మా," అన్నాడు యజమాని, నేనేం చెయ్యను అన్నట్టు చేతులు చాపి.

ఆమె మూలనున్న స్టూలు ఈడ్చుకొచ్చి మెషీను పక్కన వేసుకుంది. "ఇద్దరికీ చెప్పండి," అంది కంపెనీ మనిషితో.

"నాదేముంది, ఎంతమందికైనా చెప్పే నోరు ఒకటే," అన్నాడతను.

అంతే. ఇద్దరు నేర్చుకోకూడదని ఎక్కడా లేదు. సంచిలో ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. ఆమె దాని గొంతు నొక్కి పనిలో పడింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భర్త ముందే వచ్చి ఉన్నాడు. చొక్కా చెయ్యి ఒకటి చిరిగి వేలాడుతోంది. కుక్కకి ఏమీ కాలేదు, డాక్టరు ఏదో మందు రాసిచ్చాడు.

"మగాణ్ణి పదిమందిలో అలా నిలబెడతావా?" అత్తగారు అందుకుంది.

"ఆయన్నేం నిలబెట్టలేదత్తయ్యా. ఆయన తాడు ఆయనకిచ్చాను."

"రోజంతా నన్ను చంపుకు తింది," భర్త గొంతు పెద్దదైంది. "పిలిస్తే రాదు, చెబితే వినదు! దాన్నెలా చూసుకోవాలో నాకేం తెలుస్తుంది?"

"నాకు మాత్రం ఎవరు నేర్పారు?"

ఆమె మొహం కడుక్కుని, కంపెనీ మనిషి ఇచ్చిన కాగితాలు తీసి లోపలి గదిలో కిటికీ దగ్గర కూర్చుంది. కొంచెంసేపటికి కుక్క వీధి తలుపు దగ్గరికెళ్ళి గోకడం మొదలుపెట్టింది.

"బయటికి వెళ్ళాలంటోంది," అంది అత్తగారు.

"వింటున్నావా, బయటికి వెళ్ళాలంటోంది," అన్నాడు భర్త.

ఆమె వింటూనే ఉంది. చదివిన కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసింది. ఆమె లేస్తుందని వాళ్ళు ఎదురుచూస్తున్నారని గోడ ఇవతలికి కూడా తెలుస్తోంది. కాళ్ళు అలవాటుకొద్దీ లేవబోయాయి. పళ్ళ బిగువున కూర్చుంది. తలుపు గోకుతున్న చప్పుడు పెరిగింది.

చాలాసేపటికి హాల్లో భర్త కుర్చీ కిర్రుమంది, తర్వాత ఆయన చెప్పులు ఈడ్చిన చప్పుడు, వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆమె తలెత్తి చూడలేదు.