ప్లేట్ల మీద నీడ

మేస్త్రీ తన్నిన బిందె దొర్లుకుంటూ వచ్చి కంచెకి కొట్టుకుని ఆగింది. బిందెలో ఉన్నది సగం నీళ్ళు కూడా కాదు. పైపు జాయింటు దగ్గర బొట్టుబొట్టుగా కారుతుంటే పొద్దుటినుంచీ కూర్చుని పట్టుకున్న నీళ్ళవి. పట్టుకున్నది తొమ్మిదో నెల కడుపుతో ఉన్న పిల్ల. ఆ పిల్ల నేలమీద చతికిలబడి, ఇంకిపోతున్న తడివైపు చూస్తూ ఉండిపోయింది.

కంచె లోపల తడిగుడ్డతో నిలబడి ఉన్న ప్లేట్లత్త ఇదంతా కళ్ళారా చూసింది. ఆ పిల్ల ఆమె సొంత కోడలు. అయినా నోరు పెగల్లేదు.

"ఏంటి చూస్తున్నావ్? తుడువు!" అని కసిరాడు మేస్త్రీ.

తుడిచింది. తుడుస్తూ తనని తానే తిట్టుకుంది.

కరెంటు స్తంభం ఆ రాతి క్వారీ దాకా ఎప్పుడూ రాలేదు. క్రషర్ డీజిల్ తాగుతుంది. బావి మోటారు మాత్రం కంచెలో వరసగా నిలబెట్టిన సోలార్ ప్లేట్లతో నడుస్తుంది. బ్యాటరీలు లేవు కాబట్టి ఎండ ఉన్నంతసేపే నీళ్ళు. క్రషర్ దుమ్ము పేరుకుంటే మోటారు నీరసపడుతుంది. అందుకే ఆ ప్లేట్లని రోజూ కడగడానికి ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషే ప్లేట్లత్త. ఆ పేరు విని, కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు కాంట్రాక్టరు ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కాబోలు అనుకునేవారు.

ఈ ఎండాకాలం కాంట్రాక్టరు రాతి ఇసుక కడిగే యంత్రం తెచ్చాడు. కొన్నాళ్ళు రెండువైపులా అరకొరగా వదిలి, తర్వాత వాల్వు పూర్తిగా యంత్రం వైపు తిప్పించి తాళం వేశాడు. అప్పటినుంచీ బావి నీళ్ళన్నీ ఇసుకే తాగుతోంది, కూలీల గుడిసెల లైన్లలో కొళాయి ఎండిపోయింది. ఎండ ఎవడబ్బ సొత్తు? ఆ బావి తవ్వినవాళ్ళు ఎవరు? ఆ లైన్లలో ఉన్నవాళ్ళే. తాళంచెవి మాత్రం వాడి జేబులో ఉంది. కూలీలకి మిగిలింది క్వారీ గుంటలో నాచు పట్టిన నీరు. అది తాగిన పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. పోదామంటే పని సీజను అయ్యేదాకా గేటు దాటనివ్వరు.

ప్లేట్లత్తకి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. కడగ్గా మిగిలిన బకెట్టు నీళ్ళు ఇంటికి తీసుకెళ్ళొచ్చు. ఇంటిల్లిపాదికీ ఏ మూలకీ చాలని ఆ బకెట్టే ఆమె నోటికి వేసిన తాళం.

పని దిగాక అందరూ ఎండిన కొళాయి దగ్గర చేరారు.

"రాళ్ళేసి ప్లేట్లన్నీ పగలగొట్టేద్దాం!" అన్నాడు డ్రిల్లరు.

"పగలగొట్టి ఏం తాగుతావయ్యా, గాజుముక్కలా?" అని అతని భార్య విరుచుకుపడింది. ఆమె గొంతుకి లైన్లన్నీ కలిసి పెట్టిన పేరు మైకు. "పోయినసారి నీళ్ళు తగ్గించినప్పుడు, ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పించి అత్తని పడుకోబెట్టాంగా? దుమ్ము పేరుకుని మోటారు నీరసపడింది. ముందు ఎండింది ఎవరి కొళాయి? మిట్టమీదున్న మనదే! పల్లంలో ఇసుక తొట్టి నిండుతూనే ఉంది. కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు."

మైకు ప్లేట్లత్త వైపు తిరిగింది.

"నీకేంలే అత్తా! నీకు బకెట్టుంది. ఇవాళ కోడల్ని ఏడిపించినా నోరెత్తలేదంటగా?"

ప్లేట్లత్తకి తల కొట్టేసినట్టయింది. లేచి గుడిసెలోకి వెళ్ళింది. బకెట్టు తెచ్చి అందరి మధ్యా పెట్టింది.

"పిల్లలకి తలా గుక్కెడు పట్టండి. రేపట్నుంచి నాకొద్దు ఇది." బకెట్టు మీంచి చెయ్యి తీసి మళ్ళీ అంది. "ఆమధ్య కంచె మీద చీర ఆరేశాను. దాని నీడ ఒక్క ప్లేటు మీద పడిందో లేదో, మోటారు మూలిగి ఆగిపోయింది. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి నానా తిట్లూ తిట్టాడు, నీడ పడితే ఆగుతుందని తెలీదా అని. నాకెలా తెలుస్తుంది? వాడు చెప్పాకే తెలిసింది."

"ఒక్క చీరైతే లాగి పారేస్తాడు. అన్ని ప్లేట్లకీ నీడ పట్టాలంటే ఏం కావాలి?" అడిగాడు డ్రిల్లరు.

అందరి కళ్ళూ ఒక్కసారే పైకి లేచాయి. గుడిసెల మీద కప్పిన టార్పాలిన్లు గాలికి టపటపలాడుతున్నాయి.

"మరి పిల్లలు? ఇంత ఎండలో కప్పు లేకుండా?" అంది ఒక బాలింత. కప్పు తీస్తే ఎండకి మాడాలి, తియ్యకపోతే దాహానికి చావాలి. ఎటు తిరిగినా గోడే. చాలాసేపు వాదులాడుకున్నారు, ఒకరినొకరు తిట్టుకున్నారు కూడా. చివరికి మైకు చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తన గుడిసె మీది తాళ్ళు తనే విప్పడం మొదలుపెట్టింది.

తెల్లారి ప్లేట్లత్త ఎప్పట్లాగే కంచె లోపలికి వెళ్ళింది. ఎండ ముదిరి మోటారు అందుకునే వేళకి బయట దారిమీద జనం బారులు తీరారు. గెడలకి కట్టిన టార్పాలిన్లు సూర్యుడికీ ప్లేట్లకీ మధ్య పైకి లేచాయి. మోటారు మూలిగి ఆగింది. ఇసుక యంత్రం దగ్గర కేకలు మొదలయ్యాయి.

"దించండ్రా!" మేస్త్రీ అరిచాడు.

"నీ కంచె ముట్టుకున్నామా మేస్త్రీ? మా కప్పులు మేం ఆరబెట్టుకుంటున్నాం," అంది మైకు. "కొళాయి విప్పు, దించేస్తాం."

మేస్త్రీ ప్లేట్లత్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "లోపల్నుంచి కర్ర పెట్టి వాటిని తోసెయ్. రోజూ రెండు బకెట్లు పట్టుకెళ్ళు."

రెండు బకెట్లంటే కోడలి పురుడు గట్టెక్కుతుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ కంచె అవతల మైకు గుడిసె మొండిగోడలతో కనిపిస్తోంది, లోపల దాని బిడ్డ ఎండలో ఏడుస్తోంది. చేతిలో గుడ్డ మేస్త్రీ కాళ్ళముందు పడేసి బయటికి నడిచింది. చివరి గెడ అందుకుంది.

సూర్యుడు కదిలినకొద్దీ వాళ్ళూ కదిలారు. కాంట్రాక్టరు కారు వచ్చింది, అద్దం దించకుండానే వెళ్ళిపోయింది. తర్వాత పోలీసు వ్యాను దిగింది.

"ఇదే సార్, అందరికీ నేర్పింది," అని వేలు పెట్టి చూపించాడు మేస్త్రీ.

ప్లేట్లత్త చేతిలో గెడ లాగేసి ఆమెని వ్యానులోకి తోశారు. లోపల రేకులు కాలిపోతున్నాయి. కిటికీకి జాలీ, జాలీ అవతల ధూళి తప్ప ఏమీ కనిపించడం లేదు. చెవులు రిక్కించింది. తను వదిలిన గెడతో పాటు టార్పాలిన్ల వరసంతా వాలిపోయి ఉంటుంది, మోటారు గుర్రుమని లేచింది. అయిపోయింది, ఇంక అంతా అయిపోయింది అనుకుంది.

"ఇంకొంచెం పైకి ఎత్తండి!" ఎక్కడో మైకు గొంతు. మోటారు మూలిగింది, ఆగిపోయింది.

ప్లేట్లత్త నవ్వడం చూసి ఎదురుగా కూర్చున్న కానిస్టేబుల్‌కి ఒళ్ళు మండింది. "ఏంటే ఆ నవ్వు? ఒక్కొక్కళ్ళనీ ఎక్కిస్తాం. మిగతావాళ్ళు భయపడి ఇళ్ళల్లో దూరకపోతే అప్పుడడుగు."

"ఏ ఇళ్ళల్లో దూరతారయ్యా?" అంది ప్లేట్లత్త. "కప్పులు పీక్కుని వచ్చాం."