మూడోసారి రంగు

రెండోసారి వేసిన రంగు కూడా బీటలు తీయడం మొదలుపెట్టింది.

రంగుల సారు మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు. ముక్కు పక్కన మొదలైన బీట చెంప దాటి చెవి దాకా పోయింది. తెల్లపొడి, నూనె, జిగురు కలిపి ఆయన స్వయంగా నూరుకునే రంగు అది. రెండు గంటలు నిలుస్తుంది. వేషానికి అంతకు మించి అక్కర్లేదని ఆయన ఇన్నేళ్ల లెక్క. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు కొంగలు. పదింటికి మొదలవ్వాల్సిన నృత్యం. ఇప్పుడు ఒంటి గంట దాటింది. ముఖ్య అతిథి ఇంకా రాలేదు.

"దురదగా ఉంది సారూ," అంది పిల్ల. అందరూ దాన్ని పిచ్చుక అంటారు. తల్లి ఇటుకల బట్టీలో పనిచేస్తుంది.

"గోకకు తల్లీ. గోకితే కొంగవి కాస్తా కోడివైపోతావు."

పొద్దున ఇదే మాటకి పిచ్చుక పడీ పడీ నవ్వింది. ఇప్పుడు నవ్వలేదు.

పొద్దుటి నుంచి పిల్లలెవరూ నీళ్లు ముట్టలేదు. రెక్కలు వీపుల మీద కుట్టేశారు. మధ్యలో బయటికి వెళ్లాలంటే అన్నీ విప్పాలి. అందుకని తాగొద్దన్నది ఆయన భార్యే, అడుగుల టీచరు. అలా అన్నందుకు ఇప్పుడు ఆమెకే నోరు ఎండిపోతోంది.

వాళ్లిద్దరి స్టూడియో అంటే ఓ పాత గిడ్డంగిలో ఒకే పొడుగాటి గది. ఒక చివర ఆయన బొమ్మలు వేయడం నేర్పుతాడు, రెండో చివర ఆమె డాన్సు నేర్పుతుంది. మధ్యలో సుద్దగీత. పదకొండేళ్లలో ఆ గీత దాటని పిల్ల లేదు. ఫీజు నెలకు రెండు పూటల కూలి, అదీ ఇవ్వగలిగితేనే. గిడ్డంగి పురపాలక సంఘానిది. గడువు ఈ నెలాఖరుతో సరి. మరో మూడేళ్లకు ఇస్తున్నట్టు ఛైర్మన్ సంతకం కావాలి. ముఖ్య అతిథిగా పిలిస్తే వేదిక మీదే పెట్టేస్తాడని ఆఫీసు గుమాస్తా సలహా ఇచ్చాడు. హాలు కూడా అతనే ఇప్పించాడు. ఇక ఊళ్లో పద్ధతి ఒకటుంది: పెద్దమనిషి వచ్చి కూర్చుని, మాట్లాడి, ఫోటో దిగితే గానీ తెర లేవదు.

గుమాస్తా తెర పక్కనుంచి తల లోపలికి పెట్టాడు. మాటకోసారి వాచీ చూసుకుంటాడని అతన్ని గడియారం అంటారు.

"బయల్దేరుతున్నారట టీచరుగారూ. ఇంకో అరగంట."

"పొద్దున చెప్పిన అరగంట ఎన్ని పిల్లల్ని పెట్టిందో చూశారా బాబూ? ఇది ఆరోది."

"నా చేతుల్లో ఏముందమ్మా! భోజనం దగ్గర ఉన్నారు. సారూ, ఈలోగా పిల్లల మొహాలు కాస్త సరిచెయ్యండి. ఫోటోలు తీస్తారు కదా."

రంగుల సారు గిన్నె దగ్గరకు లాక్కుని వేలు ముంచాడు. పిచ్చుక కళ్లు మూసుకుంది. బీట కింద చర్మం ఎర్రగా పొంగి ఉంది. వేలు తగలకముందే పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. అయినా మొహం పక్కకు తిప్పుకోలేదు. పనిలో ఓర్చుకోవడం ఇంట్లో చూసే నేర్చుకుని ఉంటుంది.

ఆయన వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

"నేను వెయ్యను."

"అదేంటి సారూ?"

"మూడోసారి వెయ్యను. పూత మీద పూత కొట్టడానికి అది గోడ కాదు."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "కాగితం నా సంచిలోనే ఉంది. ఒక్క సంతకం. పదకొండేళ్లు నెట్టుకొచ్చారు, ఒక్క గంట ఓపిక పట్టలేరా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తెర సందులోంచి హాల్లోకి చూస్తోంది. ముందు వరసలో తెల్లగుడ్డలు కప్పిన ఆరు సోఫాలు ఖాళీగా ఉన్నాయి. వెనక బెంచీల మీద సగం రోజు కూలి వదులుకుని వచ్చిన జనం. పిచ్చుక తల్లి గోడకు ఆనుకుని నిలబడింది. రెండింటికల్లా బట్టీలో లేకపోతే ఆమెకు మిగతా సగం కూడా పోతుంది. మూడేళ్లుగా వస్తోంది. ఏటా ఉపన్యాసాలు అయ్యేసరికి వేళ మించిపోయి వెళ్లిపోతుంది. కూతురు డాన్సు చేయగా ఇంతవరకూ చూడలేదు.

"ఏమండీ," అందామె వెనక్కి తిరక్కుండానే. "నూనెగుడ్డ ఎక్కడ పెట్టారు?"

పన్నెండు మొహాలు తుడవడానికి పది నిమిషాలు పట్టింది. నీళ్ల బిందె దగ్గర గ్లాసు చేతులు మారింది. "మొహం లేకపోతేనేం, రెక్కలున్నాయిగా," అన్నాడాయన. ఒకళ్లిద్దరు నవ్వారు. పిచ్చుక రెండు గ్లాసులు తాగింది.

"అమ్మా, నా ఉద్యోగం..." అన్నాడు గుమాస్తా.

"మీరు ఆపారనే చెప్పండి బాబూ. మేమే వినలేదని చెప్పండి."

ఆమె చెక్కపెట్టె ముందు కూర్చుని దాని మీద కర్రతో తాళం కొట్టడం మొదలుపెట్టింది. తెర లేచింది. ఉత్త మొహాలతో పన్నెండు కొంగలు ఖాళీ సోఫాల ముందు రెక్కలు విప్పాయి.

రెండు చుట్లు తిరిగాయో లేదో, బయట కారు హారన్ మోగింది. గుమాస్తా తెర దించడానికి పరుగున వచ్చి తాడు పట్టుకున్నాడు. అదే తాడు మీద రంగుల సారు చెయ్యి పడింది. గోళ్ల సందుల్లో ఇంకా తెల్లగానే ఉంది. ఇద్దరూ లాగలేదు, ఇద్దరూ వదల్లేదు.

తలుపులు తెరుచుకున్నాయి. పెట్టె మీద తాళం ఆగలేదు. హాలంతా తలుపు వైపు తిరిగింది. పిచ్చుక తల్లి ఒక్కతే తిరగలేదు.