ఇళ్ళ మార్పిడి

చిల్లిగవ్వ ఖర్చు లేకుండా వారం రోజులు సముద్రం ఒడ్డున ఉండి రావచ్చని మొగుడు ప్రకటించినప్పుడు దర్జీ ఆవిడ కుట్టుమిషను మీంచి కాలు తీయలేదు. ఆయన అన్న ప్రతి మాటకీ మిషను ఆపుతూ పోతే ఆ వీధిలో ఒక్కరి బట్టలూ సమయానికి పూర్తి కావు. పొదుపు ఆయనకు అలవాటు కాదు, వ్యసనం. కిందటిసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక పూట గది అద్దె మిగులుతుందని పెళ్ళాన్నీ కూతుర్నీ మధ్యాహ్నం దాకా స్టేషనులో పెట్టెల మీద కూర్చోబెట్టాడు. అప్పుడు హోటల్లోంచి ఏరుకొచ్చిన సబ్బుముక్కలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

"ఈసారి అసలు హోటలే లేదు," అన్నాడాయన. "ఇల్లు! రెండు గదులు, వంటిల్లు. కిటికీ తెరిస్తే సముద్రం."

"ఎవరిదా ఇల్లు? మీ తాతగారు రాసిచ్చారా?"

ఆయన పంపుల కంపెనీలో విడిభాగాల గోదాముకు స్టోర్‌కీపరు. సముద్రం ఊళ్ళో అదే కంపెనీ గోదాము చూసే మనిషితో రోజూ ఫోనులో వాల్వులూ వాషర్లూ ఎన్ని ఉన్నాయో మాట్లాడుకుంటాడు. ఇద్దరూ ఒకే బడిలో పొదుపు నేర్చుకున్నట్టున్నారు, ఆ వాషర్ల మధ్యే ఈ ఉపాయం పన్నారు. వాళ్ళు కొండగాలి కోసం ఇక్కడికొచ్చి వీళ్ళింట్లో ఉంటారు. వీళ్ళు వెళ్ళి వాళ్ళింట్లో ఉంటారు. అద్దె లేదు, తాళాలు మార్చుకోవడమే. ఇద్దరికీ ఇంట్లో తల్లి ఉంది. తల్లులు మాత్రం ఎవరింట్లో వాళ్ళే ఉంటారు.

"అమ్మ ఇంట్లో ఉంటే ఇంటికి కాపలా, మనకు ఒక టికెట్టు మిగులు," అని ఆయన అంటున్నప్పుడు అత్తగారు పక్కగదిలో వింటూనే ఉంది.

దర్జీ ఆవిడ మర్యాదకి ఓ మాట అడిగింది. "మీరూ రండి అత్తయ్యా, సముద్రం చూద్దురుగాని."

"ఈ కాళ్ళతోనా? చెప్పులు కరుస్తున్నాయి. వాకిలి దాకా నడవడమే గగనంగా ఉంది. మీరు వెళ్ళి రండి."

చెప్పుల గొడవ ఆ ఇంట్లో పాతదే. మొదట కరుస్తున్నాయన్నప్పుడు కొడుకు తగ్గింపు ధరలో ఒక సైజు పెద్దవి తెచ్చాడు. అవీ కరిచాయి. ఇంకో సైజు పెద్దవి తెచ్చాడు. ఈ వయసులో కాళ్ళు పెరుగుతాయా, చాదస్తం కాకపోతే, అని దర్జీ ఆవిడ అప్పుడే తేల్చేసుకుంది. అందుకే రెండోసారి అడగలేదు. ముసలావిడ రానన్నందుకు మనసులో కాస్త హాయిగా కూడా అనిపించింది, దాచడమెందుకు.

ఆ హాయి సముద్రం ఇంట్లో అడుగుపెట్టేవరకే. ఆ ఇంటి కోడలు మందుల షాపులో పనిచేస్తుందట. డబ్బాలన్నీ ఎత్తు వారీగా నిలబెట్టి, ఒక్కోదానికీ చీటీ అంటించి పెట్టుకుంది. గిన్నెలు తోముకునే చోట కిటికీ ఉంది. చేతులు నురగలో పెట్టుకుని సముద్రం చూడొచ్చు.

"చూశావా, ఎంత పొందిగ్గా పెట్టుకుందో!" అన్నాడు మొగుడు. "మనింట్లో ఉప్పు కావాలంటే వెతకడానికి ఓ మనిషిని పెట్టుకోవాలి."

దర్జీ ఆవిడకు ఒళ్ళు మండింది. ఇంకా మొహం కూడా చూడని ఆడదాని మీద అంత మంట రావడం ఆవిడకే విడ్డూరంగా ఉంది. పనికట్టుకుని అలమరలన్నీ తెరిచి, వేళ్ళతో మూలమూలా తడిమింది. దుమ్ము దొరికితే ప్రాణం కాస్త కుదుటపడేది. దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసింది. ఎప్పుడు మాట్లాడినా అత్తగారు ఊఁ అనడం, ఆఁ అనడం, అంతే. మాటలకీ డబ్బులడుగుతారని కొడుకు లాగే ఆవిడా అనుకుంటుందేమోనని దర్జీ ఆవిడకు ఎప్పటినుంచో అనుమానం.

"తిన్నారా అత్తయ్యా?"

"తిన్నానే. ఇక్కడికొచ్చిన ఆ అమ్మాయి పెట్టింది. ఎంత చక్కటి పిల్లనుకున్నావు! రాగానే నా పక్కన కూర్చుంది. నా కాళ్ళు చూసి, అయ్యో పెద్దమ్మా ఈ గోళ్ళేంటి ఇలా ఉన్నాయి అంది. వేణ్ణీళ్ళు పెట్టి, నానబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని ఒక్కోటీ తీసింది."

"గోళ్ళా?"

"కాలిగోళ్ళు. నేను వంగలేను కదే! రెండేళ్ళయింది వంగి. చెయ్యి అందినంత మేర చాకుతో గీసుకునేదాన్ని. లోపలికి తిరిగి కండలో దిగాయట. చెప్పులు కాదే కరిచింది, గోళ్ళు! ఇవాళ పాత చెప్పులే వేసుకుని ఆ అమ్మాయితో చెరువు దాకా నడిచొచ్చాను. తెలుసా?"

తెలియదు. రోజంతా చేతిలో కత్తెర ఉండే మనిషి, వీధిలో ఎవరి భుజం ఒక పక్కకి వాలిందో, ఎవరి నడుము చుట్టుకొలత ఎప్పుడు పెరిగిందో దూరంనుంచే చెప్పగలిగే మనిషి. ఒకే కప్పు కింద ఉంటూ ఆ పాదాల వంక చూడలేదు. నిజానికి ఆ క్షణాన ఆవిడకు సిగ్గు కలగాలి. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుళ్ళు.

నిన్నగాక మొన్న గుమ్మంలోకి వచ్చిన ఆడదాని ఒళ్ళో కాలు పెట్టిందే! పదిహేనేళ్ళ నుంచి వండి వారుస్తున్న కోడలితో చెప్పులు కరుస్తున్నాయని అబద్ధమాడిందే! ఇన్నాళ్ళూ అత్తగారు ముభావంగా ఉంటే అదే ఆవిడ తీరనుకుని సర్దుకుంది. తీరు కాదన్నమాట. మాటలున్నాయి, నవ్వులున్నాయి, ఒళ్ళో పెట్టడానికి కాళ్ళూ ఉన్నాయి. తనకి పెట్టలేదు, అంతే. ఆ ప్రేమ తనకు అక్కర్లేదనే అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఇంకొకరి పాలయ్యేసరికి తనకే కావాలనిపించింది.

"మంచిదే కదా," అన్నాడు మొగుడు సంగతి విని. "డాక్టరు ఖర్చు మిగిలింది."

మర్నాడు తండ్రీ కూతుళ్ళు ఇంట్లో చేసిన రొట్టెలు మూట కట్టుకుని సముద్రానికి వెళ్ళారు. దర్జీ ఆవిడ వెళ్ళలేదు. కింద ముందుగదిలో ఆ కోడలి అత్తగారు ఉంటుంది. ఆ పెద్దావిడ గదికి వెళ్ళి తలుపు తట్టింది.

పెద్దావిడ తన పని తను చేసుకునే మనిషి. కానీ జుట్టు వెనకవైపు అట్టకట్టి ఉంది. చెయ్యి పైకి లేవదట.

"తల రుద్దుతాను, రండి," అంది దర్జీ ఆవిడ. అది అడగడంలా లేదు, హుకుంలా ఉంది.

పెద్దావిడ బెదిరినట్టు చూసి, తర్వాత మెత్తబడి, స్నానాలగదిలో పీట మీద కూర్చుంది. దర్జీ ఆవిడ మూడుసార్లు నురగ తీసి, వెంట్రుకల చిక్కు దారం చిక్కు తీసినంత ఓపికగా విడదీసి, ఎండలో ఆరబెట్టి జడ వేసింది. పెద్దావిడ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"మీ కోడలు ఫోను చేస్తే చెప్పండి," అంది దర్జీ ఆవిడ. "తప్పకుండా చెప్పండి."

చెప్పినట్టుంది. ఎందుకంటే మర్నాడు ఇంటికి ఫోను చేస్తే అత్తగారు చెరువులో పడవెక్కానంది. ఆ పైరోజు ఆ అమ్మాయి ఆవిడ కళ్ళజోడు కాడ సరిచేయించింది. ఇక్కడ దర్జీ ఆవిడ ఊరుకుంటుందా? పెద్దావిడకు దిండుగలీబులు కుట్టింది, కిటికీ తెరల అంచులు మడిచింది. పెట్టెలో పదేళ్ళుగా పడి ఉన్న గుడ్డ తీయించి, మిషను లేకపోయినా చేత్తోనే, పెద్దావిడకు ముందువైపు ముడి విప్పుకునేలా కొత్త చొక్కా కుట్టింది. చెయ్యి లేవని మనిషికి తల మీంచి వేసుకునే బట్టలేమిటి, ఆ డబ్బాల చీటీలావిడకు ఆమాత్రం తట్టలేదా, అనుకుంటే సూది మరింత చురుగ్గా దిగింది.

"సముద్రానికొచ్చి ఈ సూదిపనేంటి?" అన్నాడు మొగుడు, ఎండకి మాడిన ముక్కుతో.

"కుట్టుకూలి మిగిల్చాను. సంతోషించండి."

వారం అలాగే గడిచింది. సముద్రం కిటికీలోంచే చూసింది, అదీ గిన్నెలు తోముతూ. సాయంత్రం కాగానే ఫోను పట్టుకునేది, అత్తగారు ఆ అమ్మాయి అన్నప్పుడల్లా పళ్ళు బిగపట్టి వినేది. వినకుండా మాత్రం ఉండలేకపోయింది.

చివరిరోజు జడ వేస్తుంటే పెద్దావిడ అంది:

"నిన్న మా కోడలు ఫోను మధ్యలో పెట్టేసింది."

"ఏం?"

"నీ చొక్కా సంగతి చెప్పాను. ఎంత సుఖంగా ఉందో చెప్పాను. నాతో ఎప్పుడైనా అన్నారా చెయ్యి లేవట్లేదని, అంది. పెట్టేసింది."

దర్జీ ఆవిడకు గుండె సంబరంతో ఎగిరింది. గెలిచాను! అవతల ఆవిడకీ మండిందన్నమాట, వారం నుంచి నాకు మండినట్టే.

"మరి మీరెందుకు చెప్పలేదు?" అంది, జడ కొస ముడేస్తూ.

"ఎలా చెప్పను? పొద్దున షాపు, వచ్చాక వంట. ఎప్పుడూ పరుగే. ఆపి, నా తల రుద్దు అంటానా? సెలవులకొచ్చిన దానివి, నీకు తీరికుంది. నువ్వే అడిగావు, నేను కూర్చున్నాను." పెద్దావిడ జడ కొస తడుముకుంది. "రేపు వెళ్ళిపోతావు. వారంలో మళ్ళీ జిడ్డుపడుతుంది."

ఆ మాట మామూలుగానే అంది. నిష్ఠూరం లేదు. దర్జీ ఆవిడ మాత్రం దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంట్లో తన మిషను ఆగదు. దాని చప్పుడులో ఎవరైనా ఏమైనా అడగాలన్నా గొంతు పెంచాలి. అత్తగారు గొంతు పెంచే మనిషి కాదు.

తిరుగు బస్సు దిగేసరికి వీధి మలుపులో అత్తగారు నిలబడి ఉంది. పాత చెప్పులు, ఒక్క సైజూ పెరగనివి. అంతదూరం ఆవిడ నడిచి రావడం దర్జీ ఆవిడ చూసి రెండేళ్ళయింది. అతిథులు పొద్దున్నే వెళ్ళిపోయారట. వంటింట్లో ఉప్పు, పంచదార, పప్పు, అన్నిటికీ చీటీలంటించి వెళ్ళింది మహాతల్లి. పీకేద్దామని చెయ్యి వెళ్ళింది. కానీ ఉప్పు చప్పున దొరికింది, ఊరుకుంది.

మొగుడు బల్ల దగ్గర కూర్చుని మిగులు లెక్క పైకే చదువుకుంటున్నాడు. "గది అద్దె మిగులు. హోటలు తిండి మిగులు. అమ్మ టికెట్టు మిగులు…"

"అదొక్కటీ కొట్టేయండి," అంది దర్జీ ఆవిడ.

"అదేంటి? మిగిలిందిగా?"

"కొట్టేయమన్నానా!"

ఆయన కొట్టేశాడు. ఆ గొంతు విన్నాక ఎవరైనా కొట్టేస్తారు.

తర్వాత ఆవిడ గిన్నెలో వేణ్ణీళ్ళు, తుండుగుడ్డ, గోళ్ళ కట్టరు తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్ళి మంచం ముందు నేల మీద కూర్చుంది. "కాళ్ళు ఇటు పెట్టండి అత్తయ్యా."

అత్తగారు ఆశ్చర్యంగా చూసింది. "ఎందుకే? ఆ అమ్మాయి తీసిందిగా? ఇంకా పెరగలేదు."

"చేతివి?"

"అవీ తీసింది, నిన్న."

వేణ్ణీళ్ళ ఆవిరి మొహానికి తగులుతుంటే దర్జీ ఆవిడ ఏం చేయాలో తెలియక కట్టరు తెరుస్తూ మూస్తూ కూర్చుంది. ఏడుపొచ్చేంత కుళ్ళు. తీయడానికి ఒక్క గోరైనా మిగల్చలేదు.

అప్పుడే అత్తగారి ఫోను మోగింది. ముసలావిడ మొహం వెలిగిపోయింది. "ఆ అమ్మాయే! ఇల్లు చేరినట్టున్నారు." రెండు మాటలు మాట్లాడి ఫోను చాచింది. "నీతో మాట్లాడుతుందట."

దర్జీ ఆవిడ కట్టరు పక్కన పెట్టి ఫోను అందుకుంది.

"చొక్కా చూశాను," అంది అవతలి గొంతు, బిగుసుకుని. "బాగా కుట్టారు."

"చీటీలు చూశాను," అంది దర్జీ ఆవిడ, అంతే బిగువుగా. "మీ అత్తగారికి జడ గట్టిగా లాగకండి. ఎడమచెవి వెనక నొప్పి. ఆవిడ చెప్పరు."

అవతల కాగితం మీద కలం గీసిన చప్పుడైంది. తర్వాత, "మీ అత్తగారి కుడికాలి చిటికెనవేలు. గోరు లోపలికి తిరుగుతుంది. మూలలు మరీ లోతుగా తీయకండి. నొప్పెట్టినా కాలు లాక్కోరు."

"సరే."

"సరే."

ఫోను పెట్టేశాక దర్జీ ఆవిడ అత్తగారి పాదం తన ఒళ్ళోకి లాక్కుంది. కుడికాలి చిటికెనవేలు పట్టుకుని, బట్ట అంచు చూసినట్టు దగ్గరగా పెట్టుకుని చూసింది. నున్నగా, చక్కగా తీసి ఉంది. పని తెలిసిన చెయ్యే, పాపిష్టిది.

"పెరగ్గానే చెప్పండి," అంది.

"చెప్తాలే."

చెప్పదు. ఆ సంగతి దర్జీ ఆవిడకు ఇప్పుడు తెలుసు. అందుకని మర్నాటి నుంచి మిషను మీద కూర్చునే ముందు ఆవిడే వెళ్ళి చూడసాగింది. అత్తగారు పేపరు చదువుకుంటూ, ఏమీ అనకుండా, చెప్పు విడిచి కాలు ముందుకు చాపేది. ఆవిడ వంగి చూసి, ఇంకా లేదని లేచి వెళ్ళిపోయేది. ముసలాళ్ళ గోళ్ళు ఇంత నిదానంగా పెరుగుతాయని ఆవిడకు అంతకుముందు తెలియదు.